పితరుల త్రోవ, బడి కంచె



నేటి నా ప్రసంగమునకు విషయము ఒక చిన్న కథ. అది మన దేశపు కథ కాదు. ఆఫ్రికా ఖండమున పడమటి దెసనున్న నైజీరియా దేశమునందు ఒక యువకుడు వ్రాసినది. అచ్చున నాలుగైదు పుటలకు మించదు. అందున్నవి ఒక బడి, ఒక కాలిత్రోవ, ఒక కంచె. ఎదురెదురుగా నిలిచినవారు ఇద్దరు: ఒకడు బడి ప్రధానోపాధ్యాయుడు, రెండవవాడు ఊరి దేవత పూజారి. ప్రాతయాచారమునకును క్రొత్తచదువునకును తగవు వచ్చినప్పుడు ఏమి జరుగునో, ఏల జరుగునో ఈ కథవలన చక్కగా తెలియును. చిరకాలము బడిపంతులుగా నుండినవాడను గాన, దీనిని చదివిన రాత్రి నాకు నిదుర పట్టలేదు. ఏల పట్టలేదో కడపట మనవి చేసెదను.

ముందుగా కథకుని గూర్చి రెండు మాటలు. ఆయన పేరు చినువా అచెబే. 1930వ సంవత్సరము నవంబరు 16వ తేదీన నైజీరియా తూర్పుభాగమున ఓగిడి యను నూర జన్మించెను. ఇగ్బో జాతివాడు. తండ్రి క్రైస్తవమతము స్వీకరించి, మిషనువారి కొలువున ఉపాధ్యాయుడుగను మతబోధకుడుగను పనిచేసినవాడు. ఇంట బైబిలు పఠనము, వెలుపల ప్రాత దేవతల జాతరలు. ఈ రెంటి నడుమ పెరిగిన బాలుడు గాన, ఆయనకు రెండు వైపుల మాటయు తెలియును. ఇబదాను నగరమందలి విశ్వవిద్యాలయ కళాశాలలో చదువుకొనుచుండగా, ఇరువదిరెండు ఇరువదిమూడేండ్ల ప్రాయమున, ఈ కథను వ్రాసెను. అది 1953లో ఆ కళాశాల పత్రికలో వెలువడెను. దాని పేరు ‘డెడ్ మెన్స్ పాత్’, అనగా ‘మృతుల బాట’. మరుసటి యేడు, 1954లో, ఆయన నైజీరియా రేడియో సంస్థలో ఉద్యోగమున చేరెను. 1958లో ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ అను నవలను ప్రకటించి లోకప్రసిద్ధుడయ్యెను. 1972లో ఈ కథను తన ఇతర కథలతో గూర్చి పుస్తకముగా వెలువరించెను. 2013వ సంవత్సరము మార్చి 21వ తేదీన పరమపదించెను.

కథ జరిగిన కాలమున నైజీరియా బ్రిటిషువారి యేలుబడిలో నుండెను. ఆ దేశమునకు స్వాతంత్ర్యము 1960 అక్టోబరు 1వ తేదీన గాని రాలేదు. ఇగ్బోల దేశమున నైజరు నదీతీరమునందలి ఒనిత్సా పట్టణమున 1857లోనే క్రైస్తవ మిషనువారు కాలుమోపిరి. పిదప పల్లెపల్లెను బడులు పెట్టిరి. బడి నడపువారు మిషనువారు, తనిఖీ చేయువారు ప్రభుత్వమువారు. బడిలో చదువుకొన్నవానికి కొలువులు దొరకెడివి, గౌరవము దొరకెడిది. ఆ బడిలోనే, తన తాత కొలిచిన దేవత వట్టి బూటకమని కూడ వాడు నేర్చుకొనెడివాడు. పల్లెవారు ఆ బడికి తమ బిడ్డలను పంపిరి. తమ దేవతను విడువలేదు. ఈ సంగతి మనసున నుంచుకొన్నచో కథ సులభముగా బోధపడును.

ఇక కథ.

1949వ సంవత్సరము జనవరి మాసమున మైకేల్ ఓబీ యను ఇరువదియారేండ్ల యువకుడు న్డూమే యను నూరి బడికి ప్రధానోపాధ్యాయుడుగా నియమింపబడెను. ఆ బడి వెనుకబడినదని పేరు పడుటచే, దానిని బాగుచేయుటకు చురుకైన వానిని పంపవలెనని మిషనువారు తలచిరి. ఓబీ బాగుగా చదివినవాడు, ఉత్సాహవంతుడు. ప్రాతకాలపు ఉపాధ్యాయులనిన అతనికి చులకన. వారు బడి మాని బజారులో వర్తకము చేసికొనుట మేలని యతని యభిప్రాయము. భార్య న్యాన్సీయు భర్త పలుకులనే పలుకుచుండెను. అతడు రెండు కార్యములను నిశ్చయించుకొనెను: చదువు మేలైనదిగా నుండవలెను, బడి ఆవరణము కన్నులపండువుగా నుండవలెను. వానలు కురియగనే పూలతోట లేచెను. ఎఱ్ఱని మందారములు, పసుపుపచ్చని అల్లమండలు కంచెలై, చుట్టునున్న అడవిపొదలనుండి బడిని వేఱుచేసి చూపెను.

ఒకనాటి సాయంకాలము ఓబీ తన తోటను చూచి మురియుచుండగా, ఊరి ముసలమ్మ యొకతె కుంటుకొనుచు వచ్చి, బంతిపూల మడిమీదుగా, పూలకంచెలలోనుండి, ఆవరణమును అడ్డముగా దాటి పోయెను. అతడు నిర్ఘాంతపోయి, దగ్గరకు పోయి చూచెను. ఊరినుండి వచ్చి, బడి నడుమగా పోయి, ఆవలి పొదలలో కలియు కాలిత్రోవ యొకటి మాసిపోయినట్లు కానవచ్చెను. ఆ బడిలో మూడేండ్లనుండి పనిచేయుచున్న ఉపాధ్యాయునొకని పిలిచి, ఇట్టి త్రోవను ఎట్లు సహించితిరని యడిగెను. ఆ త్రోవ ఊరి గుడికిని, మృతులను పాతిపెట్టు చోటికిని నడుమనున్నదనియు, ఎక్కువగా నడవకున్నను ఊరివారికి అది ముఖ్యమనియు, వెనుక ఒకమారు మూయబోగా పెద్ద రభస జరిగినదనియు ఆ యుపాధ్యాయుడు చెప్పెను. ఓబీ వినలేదు. మరుసటి వారము ప్రభుత్వ విద్యాధికారి తనిఖీకి రానున్నాడు. ఆయన చూచి ఏమనుకొనును? ఇదియే అతని చింత. త్రోవ లోనికి వచ్చుచోటను, వెలుపలికి పోవుచోటను దిట్టమైన గుంజలు నాటించి, ముళ్లతీగ చుట్టించెను.

మూడు దినములు గడచిన పిదప భూదేవి పూజారి వచ్చెను. కొంచెము వంగిన ముసలివాడు. ప్రతి మాటకును చేతికఱ్ఱను నేలపై తట్టి చెప్పు అలవాటు గలవాడు. అతడు కోపింపలేదు, బెదరింపలేదు. ఆ త్రోవ ప్రధానోపాధ్యాయుడు పుట్టకమునుపే, అతని తండ్రి పుట్టకమునుపే యున్నదని చెప్పెను. ఊరి బ్రదుకంతయు దానిపై నాధారపడియున్నదనెను. మృతులు ఆ త్రోవన పోవుదురు, పితరులు ఆ త్రోవననే చూడవత్తురు, అన్నిటికంటె ముఖ్యముగా, పుట్టబోవు బిడ్డలు ఆ త్రోవననే యూరికి వత్తురు అని వివరించెను.

ఓబీ చిఱునవ్వుతో వినెను. ఇట్టి నమ్మకములను పెకలించుటకే బడి యున్నదని బదులు చెప్పెను. చచ్చినవారికి కాలిత్రోవ యెందుకనెను. అందుకు పూజారి, నీవు చెప్పినది నిజమే కావచ్చును, మేము మాత్రము మా తండ్రుల నడవడినే నడచుచున్నామనెను. పిమ్మట, డేగకును గ్రద్దకును ఇరువురికిని వ్రాలుటకు చోటుండవలెనను నర్థమిచ్చు తన జాతి సామెత నొకటి చెప్పి, త్రోవ తెఱచినచో తగవే లేదనెను. ప్రధానోపాధ్యాయుడు ఒప్పుకొనలేదు. బడి చుట్టుగా వేఱొక త్రోవ వేసికొనుడు, మా పిల్లలను సాయము పంపెదను, మీ పితరులకు ఆ కొద్దిపాటి చుట్టు భారము కాబోదులే యని పరిహాసమాడెను. ఇక చెప్పుటకు నా యొద్ద మాటలు లేవని ముసలివాడు అప్పటికే గడప దాటెను.

రెండు దినములకు ఊరిలో ఒక పడుచు పురిటిలో మరణించెను. ప్రశ్న చెప్పువానిని అడుగగా, కంచెచే అవమానితులైన పితరులను శాంతింపజేయుటకు పెద్ద బలులు ఈయవలెనని చెప్పెను. మరునాటి యుదయమున ఓబీ లేచి చూచునప్పటికి అతని శ్రమయంతయు నేలపాలై యుండెను. త్రోవయొద్దనే గాక బడి చుట్టునున్న పూలకంచెలన్నియు పెకలింపబడెను, పూలు త్రొక్కబడెను, బడి కట్టడములలో నొకటి కూల్చబడెను. ఆనాడే తెల్లదొర తనిఖీకి వచ్చెను. ఆవరణపు దుస్థితిని గూర్చి చెడ్డగా వ్రాసెను. అంతకు మించి, బడికిని ఊరికిని కలహము ముదురుచున్నదనియు, అందుకు క్రొత్త ప్రధానోపాధ్యాయుని పెడదారిపట్టిన ఉత్సాహము కొంత కారణమనియు వ్రాసెను. కథ అంతటితో ముగిసెను.

పెద్దలారా, ఇప్పుడు ఆ త్రోవ యేమో విచారింతము. ఇగ్బోలు భూదేవిని ‘ఆలా’ అనియు, కొన్ని మాండలికములలో ‘ఆనీ’ అనియు పిలుతురు. పంట నిచ్చునది ఆమె, సంతాన మొసగునది ఆమె, చచ్చినవారిని కడుపున దాచుకొనునదియు ఆమెయే. మరణించిన పెద్దలు కొంతకాలమునకు తమ వంశముననే మరల బిడ్డలై పుట్టుదురని వారి విశ్వాసము. కావున వారికి శ్మశానమును పురిటిగదియు వేఱువేఱు దిక్కులు కావు. ఒకే త్రోవకు రెండు కొనలు. త్రోవ మూసినచో చచ్చినవారు పోలేరు; అది యటుండనిండు, పుట్టవలసినవారు రాలేరు. ఆ త్రోవ మూసిన అయిదారు దినములకే ఒక పడుచు ప్రసవించలేక చనిపోయినది. ఊరివారి కన్నులకు అది కాకతాళీయముగా ఎట్లు తోచును? పూజారి హెచ్చరించినది ముందే, జరిగినది పిమ్మట. పూజారి చెప్పిన మూడు మాటలలో ప్రధానోపాధ్యాయుడు మృతుల మాటకే పరిహాసమాడెను. బిడ్డల మాట అతని చెవికెక్కలేదు. ఊరివారికి ప్రాణప్రదమైనది ఆ మూడవ మాటయే.

సంస్కృతము చదువుకొన్నవాడను గాన నాకొక సంగతి స్ఫురించినది. ఛాందోగ్య బృహదారణ్యకోపనిషత్తులలో దేవయానము, పితృయానము అను రెండు మార్గములు చెప్పబడియున్నవి. పితృయానమున పోయినవారు మరల జన్మమునకు తిరిగివత్తురు. ఆ యుపనిషన్మతమును ఈ ఇగ్బో విశ్వాసమును ఒకటియే యని నేననను. దేశములు వేఱు, భావములు వేఱు. అయినను, పోవు త్రోవయు వచ్చు త్రోవయు ఒకటే యను తలంపు ఎఱుకలేనివారి పిచ్చి కాదని, అది విన్నంతనే నవ్వుట తగదని చెప్పుటకు ఈ పోలిక చాలును.

అట్లయిన, కథకుడు ప్రాతయాచారమే గొప్పదని చాటుచున్నాడా? చదువు చెఱుపు చేయునని చెప్పుచున్నాడా? నాకట్లు తోచదు. ఆయనయు బడిలో చదివి, బడిలో నేర్చిన భాషలోనే ఈ కథ వ్రాసెను. ఓబీ యుద్దేశములు చెడ్డవి కావు. చదువు బాగుపడవలెననుట తప్పా? ఆవరణమున పూలుండవలెననుట తప్పా? వేఱొక త్రోవ వేయుదము, పిల్లలను సాయమిత్తునని అతడన్నమాటయు తగనిది కాదు. కాని ఎప్పుడనెను? గుంజలు నాటి, ముళ్లతీగ చుట్టిన పిమ్మట. ఎట్లనెను? వెక్కిరింతతో. ఆ మాటనే, గుంజ నాటకమునుపు, తాను పూజారి యింటికి పోయి, అయ్యా, ఈ త్రోవ సంగతి నాకు తెలుపుము, మనమేమి చేయుదమని యడిగియుండినచో, ఆ ముసలివాడు ఒప్పుకొనకపోవునా? నీవు చెప్పినది నిజమే కావచ్చునని అనగలిగిన పెద్దమనిషి అతడు. మాట ఒకటే, ముందు చెప్పినచో ఆలోచన, వెనుక చెప్పినచో అవమానము.

మరియొకటి. పూజారి యడిగినది తన నమ్మకము నిజమా కాదా యని కాదు, త్రోవ తెఱువుమని. ఓబీ బదులిచ్చినది త్రోవను గూర్చి కాదు, నమ్మకమును గూర్చి. అడుగని ప్రశ్నకు జవాబు చెప్పి, అడిగినదానిని త్రోసివేసెను. పైగా అతని లోపలి కారణము సత్యముమీది మక్కువ కూడ కాదు. వచ్చువారము రానున్న అధికారి కన్నులలో బాగుపడుట. ఏ దొరల మెప్పుకొరకు అతడు ఊరివారిని త్రోసివేసెనో, ఆ దొరలలోని వాడే వచ్చి, తప్పు నీదని వ్రాసిపోయెను. నడుమ అతడు రెంటికిని చెడెను.

ఊరివారి పక్షమునను తప్పు లేకపోలేదు. బడి కూల్చినవారెవరో కథకుడు పేరు చెప్పలేదు. ఎవరైనను, వారు కూల్చినది ఓబీ యిల్లు కాదు, తమ బిడ్డలు చదువుకొను బడి. త్రోవ తెఱచుటకు రెండు చోట్ల గుంజలు పెఱికిన చాలును. వారు చుట్టునున్న తోటయంతయు పాడుచేసిరి. ఆ పడుచు ఏల చనిపోయెనని, ఇకముందు మరియొకతె చావకుండుటకు ఏమి చేయవలెనని ఎవరును విచారించినట్లు కథలో లేదు. ప్రశ్న చెప్పువాడు బలులు కోరెను. దొర ఆవరణమును చూచి నివేదిక వ్రాసెను. ఆమె పేరైనను కథలో లేదు. క్రొత్తచదువు ఊరికి చేయగల మేలు ఏదైనను కలదన్న, పురిటిలో పోవు ప్రాణమును నిలుపుట అందు మొదటిది. ఓబీ ఆ మేలు తలపెట్టలేదు, పూలకంచె తలపెట్టెను. ఈ కథలో నిజముగా చేసిన నష్టము తగవుపడినవారికి కాదు, తగవుతో సంబంధములేని ఆ పడుచు యింటివారికిని, బడికి రావలసిన పిల్లలకును.

కథకుడు ఒక పక్షమువాడు కాడనుటకు ఆయన మరియొక కథ సాక్ష్యము. అది ‘మ్యారేజ్ ఈజ్ ఎ ప్రైవేట్ ఎఫైర్’ అనునది. అందులో లేగోసు నగరమున ఉద్యోగము చేయు కుమారుడు తండ్రి కుదిర్చిన సంబంధము కాదని, వేఱుజాతి పిల్లను పెండ్లాడును. తండ్రి ఎనిమిదేండ్లు కోడలి మొగము చూడడు. తనకు ఇద్దరు మనుమలున్నారనియు, వారు తాతను చూడగోరుచున్నారనియు కోడలు వ్రాసిన ఉత్తరము చదివిన రాత్రి ఆయనకు పశ్చాత్తాపముచే నిదుర రాదు. అక్కడ బిగువు ప్రాతవారిది, ఇక్కడ బిగువు క్రొత్తవారిది. రెంటను దోషమొకటే: ఎదుటివాని మాట చెవిని బెట్టకపోవుట.

ఇక నా సంగతి. నేను మొదటిమారు ప్రధానోపాధ్యాయుడనై ఒక పల్లెకు పోయినప్పుడు, బడి ఆవరణమున వేపచెట్టు క్రింద పసుపు పూసిన రాయి యొకటి యుండెను. పురిటి దినములు గడచిన బాలింతలు వచ్చి దానికి నీళ్లుపోసి పోవుట ఆ యూరి వాడుక. పాఠములకు భంగమని నేను ద్వారమునకు తాళము వేయించితిని. నేను ఓబీవలె క్రొత్తచదువు చదివినవాడను కాను. నిత్యము సంధ్య వార్చువాడను, శాస్త్రము చదివినవాడను. శాస్త్రమున లేని ఆ రాతిపూజ నా కంటికి ఆనలేదు. ఒకనాడు ఒక ముసలమ్మ మనుమరాలిని వెంటబెట్టుకొని, చెంబుతో నీళ్లు తెచ్చి, తాళము చూచి, ఒక్క మాటయు అనక, ద్వారము గడపకే నీళ్లుపోసి మ్రొక్కి వెడలిపోయెను. ఆమె నన్ను తిట్టియుండినచో నేను మఱచిపోయెడివాడనేమో. ఓబీకి తన క్రొత్తచదువు గర్వము, నాకు నా ప్రాతచదువు గర్వము. ఈ కథ చదివిన రాత్రి ఆ ముసలమ్మయే నా కన్నుల యెదుట నిలిచినది.

ఆ యూర బడి కూలలేదు. ఏలయన, ఊరిలో చదువు వచ్చిన పెద్దమనిషి యొకడు ఆ సాయంకాలమే నా యింటికి వచ్చి, ఉదయము గంట కొట్టుటకు ముందు ఒక గడియ ద్వారము తెఱచియుంచిన పాఠములకు భంగము రాదు గదా యని మెల్లగా అడిగెను. నేను సిగ్గుపడి తాళముచెవి ఆయన చేతికే యిచ్చితిని.

కథలోని ఆ మూడేండ్ల యుపాధ్యాయుని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. అతనికి బడి సంగతి తెలియును, త్రోవ సంగతియు తెలియును. వెనుక జరిగిన రభసయు తెలియును. ఒకమారు చెప్పెను, పై వాడు వినకపోగా ఊరకుండెను. గుంజలు నాటిననాడు అతడు పూజారి యొద్దకు పోలేదు, పూజారి వచ్చిననాడు ఓబీ ప్రక్కన నిలువలేదు. ఆ యూర ఇరువైపుల భాషయు తెలిసినవాడుగా మనకు కానవచ్చువాడు అతడొక్కడే; అతడు కథలోనుండి జాఱిపోయెను.

పెద్దలారా, మీరు అక్షరము వచ్చినవారు, ఊరిలో పుట్టి పెరిగినవారు. బడివారు చెప్పునది మీకు తెలియును, ఊరివారు తలచునదియు మీకు తెలియును. మీ యూరికి క్రొత్తగా వచ్చు పంతులు కుఱ్ఱవాడు కావచ్చును, తొందరపాటువాడు కావచ్చును. అతడు గుంజ నాటకమునుపే అతని గుమ్మము తట్టుడు. ఊరివారు కోపమున లేచినప్పుడు, బడి మన బిడ్డలదని వారికి మీరే చెప్పుడు. ఇంటిలో నెవరికైన పురిటినొప్పులు వచ్చినప్పుడు, మ్రొక్కు మ్రొక్కువారిని మ్రొక్కనిండు, వైద్యుని యొద్దకు బండి కట్టుట మాత్రము ఆపకుడు. ఒకసారి కాదన్నారని ఊరకుండకుడు.

సెలవు.